గోలెంలో మిగిలిన నీళ్ళు

వరిగడ్డిని ఛత్తీస్‌గఢ్‌లో పైరా అంటారు. మా అత్త దాన్ని చివరిదాకా గడ్డిగా ఒప్పుకోలేదు. "ఇది గడ్డేటి? సీపురుపుల్లలు. దీన్ని పశువు తింటాదా, వాకిలి తుడుసుకుంటాదా?" అనేది. విజయనగరం పక్క గడ్డి మెత్తగా ఉంటుందనీ, భిలాయి గడ్డిలో సగం ఉక్కు ప్లాంటు దుమ్మేననీ ఆవిడ వాదన. దుమ్ము మాట మాత్రం నిజం. పొద్దున గడ్డి దులిపితే అరచేతులు ఎర్రబడేవి. ఎంత కడిగినా గోళ్ళలో కొంత మిగిలేది.

నేను పెళ్ళయి అక్కడికి వచ్చింది డెబ్బైల చివర్లో. మా ఆయన ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవారు. రుఆబాంధా సెక్టరు అంచున మా క్వార్టరు. వెనక గోడ అవతల ఖాళీ జాగాలో రేకులు వేసిన చిన్న పాక, పాకలో ఒక గేదె. మామగారు పోయాక అత్త కొడుకు దగ్గరికి వచ్చేసింది, వచ్చిన ఆరు నెలలకే పట్టుబట్టి ఆ గేదెని కొనిపించుకుంది. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. నేర్చుకోనని పంతం కూడా. బజారుకి వెళ్ళదు, సినిమాకి రాదు. ఆ ఊళ్ళో ఆవిడకి ఉన్నవి రెండే. ఒకటి గేదె, రెండోది పక్క క్వార్టరు ఆవిడ.

పక్క క్వార్టరు ఆవిడ భర్త క్రేను ఆపరేటరు. వాళ్ళది శ్రీకాకుళం వైపు. మా అత్తని "అప్పా" అని, అంటే అక్కా అని పిలిచేది కాబట్టి నేను ఆవిడని చిన్నత్తా అనేదాన్ని. సాయంత్రం పాలు తీశాక ఇద్దరూ పాక ముందు చెరో రెండు ఇటుకలు వేసుకుని కూర్చునేవారు. ఎవరి ఊరి చింతపండు పులుపో తేల్చుకోలేక దెబ్బలాడుకుని, మర్నాటికి అంతా మర్చిపోయి మళ్ళీ అక్కడే చేరేవారు. మా అత్త నవ్వగా నేను విన్నది అక్కడే. ఇంట్లో మాతో నవ్వేది కాదు.

మా లైనులో తెలుగు ఇళ్ళు ఆరు. మిగతావాళ్ళు రొట్టెలు తినేవాళ్ళు. మేము రెండు పూటలా అన్నం వార్చుకునేవాళ్ళం. ఆ గంజి, బియ్యం కడిగిన నీళ్ళు, కూర తొక్కలు అన్నీ మా పాక ముందున్న సిమెంటు గోలెంలోకే వచ్చేవి. అది కుడితి గోలెం. ఎవరూ అడిగి పోసేది లేదు, చెప్పి పోసేది లేదు. కాకులు వాలకుండా దాని మీద ఎప్పుడూ ఒక చెక్క ఉండేది. చెక్క జరిపి పోయడం, మళ్ళీ మూసి వెళ్ళిపోవడం. బదులుగా మజ్జిగ చిలికిన రోజు ఇంటికో చెంబు పంపేవాళ్ళం. అందరికన్నా ముందు గంజి తెచ్చేది చిన్నత్తే.

ఎనభైల నడుమ ఒక ఏడు వానలు సరిగ్గా పడలేదు. మాఘమాసం నాటికే పచ్చగడ్డి అన్నది కంటికి కనబడకుండా పోయింది. ఉన్నది పైరా ఒక్కటే. గేదె డొక్కలు లోపలికి పోయాయి, తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి. పూటకి మూడు లీటర్లిచ్చేది లీటరున్నరకి దిగింది. ఒకరోజు మా ఆయన మొదటి షిఫ్టు నుంచి వచ్చి, సైకిలు గోడకి ఆనించి, పాక వైపు చాలాసేపు చూశారు.

"అమ్మా, ఇది ఇలా మాడి చావడం నాను సూడనేను. జేష్ఠం లోపల కోలుకుంటే ఉంచుదాం. నేకపోతే ఉతై సంతకి తోలేద్దాం" అన్నారు.

అత్త తల ఎత్తలేదు. "తోల్రా బాబూ. ఆ రోజే నన్నూ రైలెక్కించీ. నానిక్కడ గోడల మొకం సూసుకోని ఎందుకు?" అంది.

ఊళ్ళో ఆవిడకి ఇల్లు లేదు. మరిది పంచన ఉండాలి. ఆ మరిది ఎలాంటివాడో మా అందరికీ తెలుసు. అయినా ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. మా ఆయనకీ ఆ సంగతి తెలుసు, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

నేను పదో తరగతి పాసయినదాన్ని. ఆ ఇంట్లో అంత చదివినవాళ్ళు లేరు. నాకొక జబ్బు ఉండేది. నాకు తెలిసిన విషయం ఎదుటివాళ్ళకి తెలియదని కనిపెడితే చాలు, ప్రాణం లేచొచ్చేది. ఉతై దగ్గర పల్లెలో పశువుల శాఖ ఆయన ఒకడు పైరాని మందు పెట్టి మెత్తన చేసి చూపిస్తున్నాడని పిడకలమ్మే ఛత్తీస్‌గఢీ ఆవిడ చెప్పగానే, మా పసిపాపని చిన్నత్తకి అప్పగించి బస్సెక్కాను.

కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు. స్కూటరు మీద వచ్చాడు. ఎండలో అరవై మంది రైతుల మధ్య నిలబడి గొంతు పోయేలా చెప్పాడు. క్వింటాలు గడ్డికి నాలుగు కిలోల యూరియా. నాలుగైదు బకెట్ల నీళ్ళలో గింజ మిగలకుండా కరిగించాలి. గడ్డి పొరలు పొరలుగా పరిచి, ఒక్కో పొర మీదా ఆ నీళ్ళు చిలకరించి, కాళ్ళతో తొక్కాలి. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులకి మట్టి మెత్తి, గాలి చొరకుండా మూడు వారాలు వదిలెయ్యాలి. లోపల యూరియా అమ్మోనియాగా మారి గడ్డిలోని బిరుసుని విరిచేస్తుంది. తీశాక గాలికి ఆరబెట్టి, ఘాటు పోయాక కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. చిన్న దూడలకి మాత్రం పెట్టకూడదు.

చివర్లో వేలు ఊపుతూ ఒక మాట రెండుసార్లు చెప్పాడు. మిగిలిన యూరియా నీళ్ళు గొయ్యి తీసి పోసి మట్టి కప్పాలి. పశువు నోట పడితే గంటలో చస్తుంది. ఒకవేళ తాగితే వెంటనే సిర్కా, అంటే వెనిగరు, చల్లటి నీళ్ళు ఎంత పడితే అంత పట్టించాలి. నేను అన్నీ నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాను. ఆ మాట కింద గీత కూడా గీశాను.

మొదటిసారి చేసినప్పుడు మా ఆయన వీక్లీ ఆఫ్ పెట్టుకుని పక్కన ఉన్నారు. నీళ్ళకి ఎవరింటి నుంచో ప్లాస్టిక్ పీపా తెచ్చారు. అత్త గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. "ఒలే, పశువుకి ఎరువేటే? అదేటి, పొలమా?" అంది. చిన్నత్త నవ్వి చీర ఎగదోపుకుని మాతోపాటు గడ్డి తొక్కింది. మూడు వారాలు అత్త ఆ కుప్ప పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా మూతి తిప్పుకునేది.

పట్టా తీసిన రోజు ఘాటు కళ్ళకి కొట్టి నీళ్ళు కారాయి. మా ఆయన మాత్రం గుండెల నిండా పీల్చి, "ఇది మా కోక్ ఓవెన్ల కాడ వాసనే" అన్నారు. పసుపు పచ్చటి గడ్డి బెల్లం రంగుకి తిరిగింది. చేత్తో నులిమితే మెత్తగా నలిగింది. మొదటి రోజు గేదె మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి వెళ్ళిపోయింది. మామూలు గడ్డిలో కలిపి పెడుతూ వస్తే నాలుగో రోజుకి తింది. రెండు వారాలకి డొక్కలు నిండాయి. పాలు పూటకి రెండున్నర లీటర్లకి ఎక్కాయి. సంత మాట ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

ఒక సాయంత్రం నేను లోపల పప్పు రుబ్బుతూ ఉంటే, పాక దగ్గర అత్త గొంతు వినపడింది. "మా కోడలు సదువుకున్నాది. దాని సదువు నా గేదిని నిలబెట్టింది" అంటోంది చిన్నత్తతో. ఏడేళ్ళ కాపురంలో నా గురించి ఆవిడ నోట విన్న మొదటి మంచిమాట అది. నాకు కళ్ళు నిండాయి. నెత్తికి కూడా ఎక్కింది. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వైశాఖంలో రెండో కుప్ప వేశాను. ఈసారి మా ఆయనని అడగలేదు. ఆయన డ్యూటీకి వెళ్ళాక, అత్త గేదెని తోలుకుని కాలవ వైపు వెళ్ళాక, నేనే మొదలెట్టాను. వాళ్ళు వచ్చేసరికి పని అయిపోయి ఉండాలి, అందరూ చూడాలి, అదీ నా సరదా. పీపా ఎవరిదో వాళ్ళు పట్టుకుపోయారు. ఎదురుగా గోలెం కనపడింది. కుడితి అడుగంటింది, దాన్ని తోడేసి, కడిగి, అందులోనే యూరియా కరిగించాను. పొద్దున గంటసేపు వచ్చే కుళాయి నీళ్ళన్నీ దానికే పట్టాను.

ఆ రోజు బండివాడు దింపిన పైరా అనుకున్నదానికన్నా తక్కువ. నేను దాన్ని తూచలేదు, కంటితో చూసి క్వింటాలని లెక్కేసుకున్నాను. గడ్డి అయిపోయింది. గోలెంలో ఇంకా బకెట్టున్నర నీళ్ళు మిగిలాయి. పారబొయ్యాలి. నోటుబుక్కు తెరవక్కర్లేదు, నాకు గుర్తుంది. కానీ ఎండాకాలం భిలాయిలో నీళ్ళు మట్టిలో పొయ్యడానికి చెయ్యి రాలేదు. యూరియా కూడా దండగ. మధ్యాహ్నం పక్కవీధి నుంచి నాలుగు మోపులు అడిగి తెచ్చి, వాటి మీద చిలకరిద్దాం అనుకున్నాను. చెక్క మూత వేశాను. పాప ఏడుస్తోంది, ఎసరు పెట్టాలి. లోపలికి వెళ్ళిపోయాను.

ఆ చెక్క ఎప్పుడూ ఉండేదే కదా. దాన్ని చూసి ఎవరు ఆగుతారు?

చిన్నత్త గంజి తెచ్చి పోసిందట. నేను చూడలేదు. యూరియా నీళ్ళకి రంగు ఉండదు. పైన తెల్లటి గంజి పరుచుకుంటే అది అచ్చం కుడితి. అత్త వచ్చింది. కాలవలో నీళ్ళు లేవు, గేదెకి దాహంగా ఉంది. ఎప్పటిలాగే చెక్క తీసి, రెండు దోసిళ్ళు తవుడు, గుప్పెడు ఉప్పు వేసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపింది. గేదె మూతి తన చేత్తోనే గోలెంలోకి వంచింది.

నేను అన్నం వారుస్తుండగా అత్త కేక వినపడింది. వెళ్ళేసరికి గేదె కట్టుగుంజకి ఆనుకుని వణుకుతోంది. చెవులు అదురుతున్నాయి. నోటి నుంచి నురగ తాళ్ళలా వేలాడుతోంది. పొట్ట చూస్తుండగానే ఉబ్బుతోంది. గోలెం వైపు చూశాను. ఖాళీ.

"ఏటైందే? పామేటి ముట్టిందా? ఏటైందో సూడవే!" అత్త నా జబ్బ పట్టుకుని కుదిపేస్తోంది.

"తెలీదత్తా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చేసింది. ఆలోచించి అన్నది కాదు. కానీ ఆ తర్వాత ఆలోచించడానికి నాకు బోలెడు టైము దొరికింది.

సిర్కా మా ఇళ్ళలో ఎవరికి ఉంటుంది? లోపలికి పరిగెత్తి, ఉన్న చింతపండంతా నీళ్ళలో పిసికి తెచ్చాను. చిన్నత్త అప్పటికే వచ్చింది. ఇద్దరం గేదె నోరు పైకెత్తి వెదురు గొట్టంతో పోశాం. చింతపండు ఎందుకని చిన్నత్త అడిగితే, విన్నాను అన్నాను. ఆ పైన చల్లనీళ్ళు పట్టిద్దామంటే ఇంట్లో ఇంక నీళ్ళు లేవు. అన్నీ గోలెంలోకే పట్టేశాను. ఎవరో దుర్గ్ నుంచి డాక్టర్ని తెస్తామని సైకిలు మీద వెళ్ళారు. గేదె రెండు మోకాళ్ళ మీదకి వంగి, పక్కకి పడి, మెడ వెనక్కి విరుచుకుంది. అత్త దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పన్నెండు గంటల సైరను మోగేసరికి దాని కళ్ళు నిలబడిపోయాయి.

సాయంత్రం అందరూ వెళ్ళాక గోలెం బూడిద పెట్టి తోమాను. రెండుసార్లు తోమాను. అత్త పాకలో పడుకుని ఉంది, చూడలేదు.

కారణం వెతకడం మర్నాడు మొదలైంది. లైను లైనంతా మందుగడ్డి చంపిందంది. కబురు ఉతై పల్లెలదాకా పాకింది, రైతులు వేసిన కుప్పలు విప్పి పారేస్తున్నారని తెలిసింది. మూడో రోజు కళ్ళజోడు కుర్రాడు స్కూటరు మీద మా ఇంటికి వచ్చాడు. కుప్ప చుట్టూ తిరిగాడు. గోలెంలోకి వంగి చూశాడు. నా వైపు తిరిగి, "బహన్‌జీ, బచా హువా పానీ కహా డాలా?" అని అడిగాడు. మిగిలిన నీళ్ళు ఎక్కడ పోశారని.

మా ఆయన, అత్త, చిన్నత్త, ఇంకో పదిమంది ఉన్నారు.

"మిగల్లేదు భయ్యా" అన్నాను హిందీలో. "మొత్తం గడ్డికే సరిపోయింది."

అతను నా మొహం చూశాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. ఆ కుప్పని తెరవొద్దని, తను మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు. మూడు వారాలకి వచ్చాడు. పట్టా తీయించి, ఆరబెట్టించి, అందరి ఎదుటా పశువులు కాసే ఒక రావుత్ ఆవుకి అదే గడ్డి పెట్టించాడు. ఆవు తింది. మర్నాడూ తింది. వారం పోయినా దానికి ఏమీ కాలేదు. గడ్డి మంచిదేనని తేలిపోయింది.

గడ్డి కాకపోతే మరేమిటి? అందరూ అదే అడిగారు. గేదె ఆ రోజు తాగింది కుడితి ఒక్కటే. గోలెంలో గంజి పోసింది ఒక్కరే.

చిన్నత్త తనే చెప్పుకుంది. ముందురోజు గిన్నెలు చాకలిసోడాతో మరగబెట్టిందట. గంజి వార్చిన తపేలాలో ఆ సోడా కొంచెం మిగిలి ఉందేమో, తను సరిగ్గా తొలిచిందో లేదో గుర్తు రావడం లేదని ఏడుస్తూ అంది. ఎవరూ ఆవిడని నిలదీయలేదు. ఆవిడే వచ్చి పాక ముందు నిలబడి అంది. "అప్పా, నా సేత్తో నానే సంపేసినానేటో" అంది.

అత్త ఆవిడని తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి, తన ఇటుకలు రెండూ తీసుకుని లోపలికి వచ్చి తలుపు వేసింది.

నేను వంటింట్లో ఉన్నాను. తలుపుకీ నాకూ మధ్య ఆరడుగులు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే నా చదువు, నా మంచిమాట, ఆ ఇంట్లో అప్పుడప్పుడే దొరికిన చోటు అన్నీ పోయేవి. నేను పొయ్యిలో బొగ్గులు సర్దాను. నాది పిరికితనమని చెప్పుకుంటే తేలికే. పిరికితనం ఒక పూట ఉంటుంది, రెండు పూటలు ఉంటుంది. నాది ఏళ్ళపాటు సాగింది. దానికి వేరే పేరు ఉండాలి.

అత్తని రైలెక్కించలేదు. మా ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఆపారు. ఇంకో గేదెని తెస్తానంటే వద్దంది. వెనక గది కిటికీ దగ్గర మంచం వేసుకుని, చెప్పినట్టే గోడ మొహం చూస్తూ గడిపింది. చిన్నత్త రెండు మూడు సార్లు వచ్చింది. అత్త మాట్లాడలేదు. కూర పంపితే గిన్నె అలాగే వెనక్కి వెళ్ళింది. తర్వాత ఆవిడ రావడం మానేసింది. గోడ అవతల ఆవిడ దగ్గినా, బిందె దించినా మాకు వినపడేది. అత్త ఆ చప్పుడికి ఒక్కోసారి తల తిప్పేది, మళ్ళీ అటు తిరిగి పడుకునేది. లైనులో మిగతా ఇళ్ళవాళ్ళు గంజి మురికికాలవలో పొయ్యడం అలవాటు చేసుకున్నారు.

నాలుగేళ్ళు అలా గడిచాక, ఒక చలికాలంలో అత్త నాలుగు రోజుల జ్వరంతో పోయింది. చివరి రోజున, "పక్కింటిది ఉన్నాదేటి?" అని అడిగింది. పిలవమంటారా అన్నాను. కళ్ళు మూసుకుంది. నేను పిలవలేదు. పిలిస్తే వాళ్ళిద్దరి మధ్యా ఆ గంజి మాట వస్తుంది, అప్పుడు నేను ఆ గదిలో నిలబడలేను. అందుకని పిలవలేదు.

మరుసటి ఏడు చిన్నత్త భర్త రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోతున్నారు. సామాన్లు ట్రక్కుకి ఎక్కించాక ఆవిడ మా గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. జుట్టు పూర్తిగా నెరిసింది. చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది.

"కోడలా, అప్పని అడగాల్సినది నిన్ను అడుగుతున్నాను. ఆ రోజు నాను తెలిసి సెయ్యనేదు. ఆ తపేలా కడిగినానో నేదో, ఈ రోజుకీ నిద్రలో లేసి ఆలోసిస్తాను. అప్ప నేదు. నువ్వయినా ఒక్క మాట సెప్పు. నాను ఊరెల్లిపోతన్నాను" అంది.

వీధిలో ట్రక్కువాడు హారను కొడుతున్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. అత్త లేదు, మా ఆయన డ్యూటీలో ఉన్నారు, పాప బళ్ళో ఉంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ దొరకదు. పోయేది కూడా ఏమీ లేదు.

నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే చిన్నత్తా, మేమందరం ఎప్పుడో క్షమించేశాం" అన్నాను.

నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దావిడ. రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టి, ట్రక్కు ఎక్కింది.